రిఫరీ గారికి మారు వడ్డన

ఆ శనివారం ఉదయం డాక్టర్ శేషగిరి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పెందలాడే రెండు ముద్దలు పెరుగన్నం తిని, క్లబ్ కోటు తొడుక్కుని, ఎవరితోనూ మాట్లాడకుండా గ్రౌండుకి పోయి బెంచీ మీద కూర్చోవాలి. గుండె బరువుగా ఉన్నరోజు కడుపైనా తేలిగ్గా ఉండాలని ఆయన సిద్ధాంతం. ఆరోజు గుండె బరువుగానే ఉంది. ఆర్డ్‌మోరీ థిసిల్ ఫుట్‌బాల్ జట్టుకి అది సీజనులో ఆఖరి మ్యాచ్.

ఆర్డ్‌మోరీ స్కాట్లాండ్ తూర్పు తీరంలో ఉన్న చిన్న ఊరు. తెనాలిలో పుట్టిన శేషగిరి అక్కడ ఆరేళ్ళుగా జీపీ, అంటే ఊరి డాక్టరు. ఊళ్ళో వాళ్ళు ఆయన్ని ఎంత గౌరవించేవారో అంత దూరంలో ఉండేవారు. ఆయనకి అందరి బీపీ తెలుసు గానీ ఎవరి వంటగదీ తెలియదు. అలాంటిది 2016 ఆగస్టులో, క్లబ్ చైర్మన్ ఇసబెల్ మోకాలినొప్పికి మందు రాయించుకుంటూ, "మా జట్టుకి డాక్టర్ లేడు. శనివారాలు వచ్చి బెంచీ మీద కూర్చుంటావా?" అని అడిగింది. డెబ్బై దాటిన ఆ బేకరీ ఆవిడ ఏది అడిగినా ఆజ్ఞాపించినట్టే ఉంటుంది. మరుసటి శనివారం ఛాతీ మీద క్లబ్ గుర్తు కుట్టిన నీలం కోటు ఇచ్చారు. అది రెండు సైజులు పెద్దది. అయినా అది వేసుకుని కూరగాయల కొట్టుకి వెళితే, "ఏం డాక్టర్, ఈ వారం గెలుస్తామా?" అని జనం తమంతట తామే పలకరించడం మొదలుపెట్టారు. "మనం" అన్నమాట ఆ ఊళ్ళో తన్ను కలుపుకుని ఎవరైనా వాడటం అదే మొదటిసారి.

ఇక ఆ "మనం" ఆడిన ఆట సంగతి. స్కాటిష్ లీగులో అన్నిటికంటే కింది మెట్టు అది. దానికింద మెట్టు లేదు, నేలే. గోల్‌కీపర్ ప్లంబరు, కెప్టెన్ చిన్నపిల్లల బళ్ళో టీచరు, సెంటర్ ఫార్వర్డ్ డూగీ చేపల వ్యాను నడుపుతాడు. సముద్రం మీంచి వీచే గాలికి మనవాళ్ళు ముందుకు తన్నిన బంతి మన గోల్‌లోకే తిరిగొచ్చిన రోజు కూడా ఉంది. క్రిస్మస్ దాకా గెలుపు మొహం చూడలేదు. తరవాత గ్రౌండు గడ్డకట్టి ఆటలే ఆగిపోయాయి గనక జనవరిలో ఎవరూ ఓడించలేకపోయారు. మార్చిలో ఏం పూనకం వచ్చిందో వరసగా గెలవడం మొదలుపెట్టి, ఆఖరి మ్యాచ్ దగ్గరికొచ్చేసరికి ఒక్క డ్రా చేస్తే చాలు, అట్టడుగు స్థానం తప్పుతుందన్న చోటికి చేరారు. తప్పకపోతే ప్లే-ఆఫ్ ఆడాలి. అందులో ఓడితే లీగులోంచి బయటికే. బయటికి పోతే క్లబ్‌కి తాళం వేస్తానని ఇసబెల్ ముందే చెప్పేసింది. అప్పుడు శేషగిరి మళ్ళీ అందరి బీపీ మాత్రమే తెలిసిన మనిషిగా మిగిలిపోతాడు. ఈ భయం ఆయన భార్యకి కూడా చెప్పుకోలేదు.

భార్య గిరిజకి ఆరోజు వేరే దుఃఖం ఉంది. న్యూకాసిల్ నుంచి చెల్లెలు వసుధ కుటుంబంతో భోజనానికి వస్తానంటే తెల్లవారుజామునే లేచి వండింది. అంతా అయ్యాక ఫోను మోగింది.

"ఏవండీ, వసుధా వాళ్ళు రావట్లేదంట. చంటాడికి చికెన్‌పాక్స్ అంట. ఇప్పుడీ పులిహోర, గుత్తొంకాయ, పప్పు, బొబ్బట్లు, ఇదంతా నేనెవరి నెత్తిన పెట్టుకోను?"

"ఫ్రిజ్‌లో పెట్టు. నాకు పెరుగన్నం చాలు."

"మీరసలు మనిషేనా?" అంది గిరిజ.

అంతలో శేషగిరి ఫోనూ మోగింది. ఇసబెల్.

"డాక్టర్, మన ఫిజియోకి జ్వరం. డండీ నుంచి ఇంకొకతన్ని అరువు తెచ్చాను. పదకొండున్నర రైలుకి దిగుతాడు. నల్లకోటు, చేతిలో బ్యాగు. కారులో తీసుకురా. పాపం ఊరికే చేసిపెడుతున్నాడు, కాస్త బాగా చూసుకో."

తెలుగువాళ్ళకి ఈ ఆఖరి మాట చెప్పేముందు ఎవరైనా ఒకసారి ఆలోచించుకోవాలి. ఇసబెల్ ఆలోచించుకోలేదు.

స్టేషన్లో నల్లకోటు, బ్యాగూ ఉన్న మనిషి దిగనే దిగాడు. సన్నగా, పొడుగ్గా, నలభై ఏళ్ళవాడు. నిజానికి ఆ రైల్లో నల్లకోటూ బ్యాగూ ఉన్నవాళ్ళు ఇద్దరు దిగారు. రెండోవాడు దిగుతూనే టాయ్‌లెట్‌లోకి వెళ్ళాడు. ఆ సంగతి శేషగిరికి తెలిసే వీల్లేదు.

"మ్యాచ్ కోసమేనా?"

"అవును. కారు చెడిపోయి రైల్లో రావాల్సొచ్చింది. నా పేరు గార్డన్."

"నేను క్లబ్ డాక్టర్ని. మిమ్మల్ని తీసుకురమ్మన్నారు. చాలా సంతోషం. ఇవాళ మీ చేతిలోనే ఉంది మా పని."

గార్డన్ కొంచెం బిగుసుకున్నాడు. "రెండు జట్లనీ సమానంగా చూడటమే నా పని," అన్నాడు. దెబ్బ తగిలిన వాడు ఎవరైనా ఒకటేనన్న ఆ వైద్యధర్మానికి శేషగిరి మురిసిపోయాడు. ఇంకా చాలా టైముంది, గ్రౌండు గేటు కూడా తీసి ఉండరు, మా ఇల్లు దారిలోనే ఉంది, టీ తాగి పోదాం అన్నాడు. బయట సన్నగా వాన పడుతోంది. గార్డన్ సరేనన్నాడు.

గుమ్మంలో అతన్ని చూడగానే గిరిజ మొహం వెలిగిపోయింది. టీ ముందు పెట్టింది. టీ పక్కన కంచం పెట్టింది. కంచంలో అన్నీ పెట్టింది.

ఇక్కడ రెండు దేశాల మర్యాదలు ఢీకొన్నాయి. కంచంలో మెతుకు మిగలకూడదని గార్డన్‌కి వాళ్ళమ్మ నేర్పింది. ఖాళీ కంచం కనిపిస్తే అతిథికి ఇంకా ఆకలి ఉన్నట్టే లెక్క అని గిరిజకి వాళ్ళమ్మ నేర్పింది. అతను మర్యాదగా ఖాళీ చేశాడు. ఆవిడ మర్యాదగా నింపింది. అతను చాలన్నాడు. మొహమాటపడుతున్నాడనుకుని ఇంకో గరిట వేసింది. అతను మళ్ళీ ఖాళీ చేశాడు. ఇద్దరిలో ఎవరో ఒకరు మర్యాద తప్పితే తప్ప ఆ భోజనం ముగిసే దారి లేదు.

"ఎంత ఇష్టంగా తింటున్నాడో చూడండి. మీరూ ఉన్నారు, దేనికీ," అంది గిరిజ తెలుగులో.

శేషగిరి ఎదురుగా పెరుగన్నం కలుపుకుంటూ కొత్త ఫిజియోకి జట్టు గుట్టంతా విప్పాడు. "మా డూగీ ఉన్నాడే, వాడు పడ్డప్పుడల్లా మీరు సంచీ పట్టుకుని పరిగెత్తకండి. గోల్ దగ్గరికెళ్ళాక పెనాల్టీ కోసం పడిపోతుంటాడు. చేతులు రెండూ పైకెత్తి పడితే నటన. చేతులు ఎత్తకుండా పడితేనే దెబ్బ."

గార్డన్ ఉలిక్కిపడి తలెత్తాడు. "డాక్టర్, మీకో విషయం చెప్పాలి. ఇది మీరు నాతో..."

"ముందు తినండి. తినేటప్పుడు మాట్లాడకూడదు," అని గిరిజ నెయ్యి కారుతున్న బొబ్బట్టు వేసింది. అతను చెప్పాల్సింది దాంతోపాటే మింగేశాడు. కారెక్కాక చెబుదామనుకున్నాడు కాబోలు, సీటు బెల్టు పెట్టుకోగానే నిద్రపోయాడు.

గ్రౌండు దగ్గర లేచి, పొట్ట పట్టుకుని, తిన్నగా రిఫరీల గదివైపు నడిచాడు. "అటు కాదండీ, మన గది ఇటు," అన్నాడు శేషగిరి.

"మీ గది అటు. నాది ఇదే," అన్నాడు గార్డన్ జాలిగా.

తలుపు తెరిస్తే లోపల అసలు ఫిజియో ఉన్నాడు. రిఫరీ కోసం పంపిన టాక్సీ స్టేషన్లో మిగిలిన ఏకైక నల్లకోటుని తీసుకొచ్చి ఇక్కడ దింపింది. ఊరికే కూర్చోవడమెందుకని అతను అసిస్టెంట్ రిఫరీల్లో ఒకణ్ణి బల్లమీద బోర్లా పడుకోబెట్టి పిక్కలు పిసుకుతున్నాడు. శేషగిరికి అప్పుడు వెలిగింది. రిఫరీకి విందు పెట్టాడు. పైగా సొంత జట్టు గుట్టు రిఫరీకి తన నోటితోనే చెప్పాడు. ఇసబెల్‌కి చెప్పేద్దామని వెళ్ళాడు గానీ, ఆవిడ స్టాండు మెట్లమీద కూర్చుని క్లబ్ తాళంచెవి చేతిలో తిప్పుతుండటం చూసి, వెనక్కొచ్చి బెంచీ మీద కూలబడ్డాడు.

ఆట మొదలైంది. ఎదటి జట్టు స్ట్రాత్‌బెన్‌కి ఈ మ్యాచ్‌తో పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. అందుకే హాయిగా ఆడి, గాలివాటున ఒక గోల్ కొట్టేశారు. రిఫరీ మాత్రం మధ్యగీత దగ్గర గుండ్రంలోంచి కదల్లేదు. నాలుగడుగులు పరిగెత్తడం, నడుం మీద చేతులు పెట్టుకుని ఆగిపోవడం. జనం ఈలలు వేశారు. అతని కడుపులో ఏముందో ఆ మూడువందలమందిలో శేషగిరి ఒక్కడికే తెలుసు.

అంతలో డూగీ గోల్ ముందు చేతులు రెండూ ఆకాశానికెత్తి దబ్బున పడ్డాడు. సీజను మొత్తంలో ఇంత అందంగా ఎప్పుడూ పడలేదు. ఊరంతా "పెనాల్టీ!" అని అరిచింది. రిఫరీ అంతదూరం నుంచే తల అడ్డంగా ఊపి, ఆయాసపడుతూ వచ్చి, పసుపు కార్డు చూపించాడు. నటనకి హెచ్చరిక. మరొకటి పడితే బయటికే.

"అంత దూరం నుంచి వీడికెలా తెలిసింది?" అన్నాడు డూగీ, బెంచీ పక్కనుంచి పోతూ. ఆ నీలం కోటు రెండు సైజులు పెద్దది కావడం ఆరోజు మంచిదైంది. శేషగిరి అందులోకి మెడదాకా దిగిపోయాడు.

విరామంలో జట్లు లోపలికి పోతుండగా గేటు దగ్గర గిరిజ ప్రత్యక్షమైంది. చేతిలో స్టీలు డబ్బా. శేషగిరి చేతులు అడ్డంగా ఊపాడు. ఆవిడ తననే పలకరిస్తున్నాడనుకుని చెయ్యి ఊపి, నేరుగా రిఫరీ దగ్గరికి వెళ్ళింది.

"గార్డన్ గారూ, నేను కట్టిచ్చిన బొబ్బట్లు మా ఇంట్లోనే మర్చిపోయారు. ఇందాక అంత ఇష్టంగా తిన్నారు కదా!"

అక్కడున్న అందరూ ఆగిపోయారు. స్ట్రాత్‌బెన్ మేనేజర్ మొహం ఎర్రబడింది. "రిఫరీకి ఇంట్లో విందు పెట్టారా? ఎవరీవిడ?"

"డాక్టర్ గారి భార్య," అన్నారు ఎవరో.

ఇసబెల్ నెమ్మదిగా శేషగిరి వైపు తిరిగింది. తెనాలి వదిలాక ఆయన్ని ఎవరూ అలా చూడలేదు. "ఫిజియో అనుకుని..." అని మొదలుపెట్టి, స్టేషను, టీ, కంచం, డూగీ చేతులు, అన్నీ ఒక్క గుక్కలో కక్కేశాడు. "తప్పంతా నాది. నన్ను తీసెయ్యండి. జట్టునేమీ అనొద్దు," అన్నాడు.

స్ట్రాత్‌బెన్ మేనేజర్ వేలు చూపిస్తూ ఏదో అనబోయాడు. అనబోయినవాడు సగంలో ఆగాడు. "ఉండండి. వీళ్ళ తిండి తిని, వీళ్ళకి పెనాల్టీ ఇవ్వకుండా, వీళ్ళ మనిషికే కార్డు ఇచ్చాడా?"

"అవును," అన్నాడు గార్డన్. "పైగా నేను ఎంత చెప్పినా వినకుండా తినిపించారు. ఇందులో లంచం ఏదైనా ఉంటే అది తీసుకోవడం చాలా కష్టమైంది."

మేనేజర్ పడీ పడీ నవ్వాడు. "అమ్మా, సాయంత్రం కూడా పెట్టండి!" అని గిరిజతో అని, కళ్ళు తుడుచుకుంటూ లోపలికి పోయాడు. ఫిర్యాదు పోయింది. ఇసబెల్ మాత్రం నవ్వలేదు. ఆవిడ చూపు స్కోరుబోర్డు మీద ఉంది. "ముందు ఆట కానీ, డాక్టర్. నీ సంగతి తరవాత," అంది.

రెండో సగంలో డూగీ ఆట చూడ్డానికే జాలేసింది. పడటం తప్ప వేరే విద్య అభ్యసించని మనిషికి ఇప్పుడు పడే హక్కు పోయింది. ఎవరు తగిలినా తమాయించుకుని నిలబడాల్సి వచ్చింది. నిలబడ్డాక ఏం చెయ్యాలో తెలియక అటూ ఇటూ చూసేవాడు. ఆట అయిపోవస్తోంది. కొందరు లేచి గేటువైపు నడుస్తున్నారు. శేషగిరి తల దించుకున్నాడు.

అప్పుడు బంతి డూగీకి దొరికింది. స్ట్రాత్‌బెన్ డిఫెండర్ ఒకడు వెనకనుంచి వచ్చి అతని కాలు నిజంగానే తన్నాడు. ఎవరైనా పడిపోయే దెబ్బ. డూగీ చేతులు సగం దాకా లేచాయి, కార్డు గుర్తొచ్చి దిగాయి. తూలాడు, గెంతాడు, ఒక మోకాలు నేలకి తగిలింది, లేచాడు. రిఫరీ దరిదాపుల్లో ఉంటే ఫౌల్ అని ఈల ఊది ఆట ఆపేసేవాడే. అతను ఎక్కడో మధ్యగీత దగ్గర నడుం పట్టుకుని రొప్పుతున్నాడు. ఈల మోగలేదు. గోల్ ముందు డూగీ, ఎదురుగా కీపరు, అంతే. కళ్ళు మూసుకుని తన్నాడు. బంతి కీపరు కాళ్ళ మధ్యనుంచి లోపలికి పోయింది. చెరో గోల్, కావలసిన డ్రా అదే.

తరవాత ఆట ఎలా ముగిసిందో శేషగిరికి గుర్తు లేదు. గోల్‌కీపర్ ప్లంబరు తనని ఎత్తి తిప్పుతున్నాడని, తను ఏడుస్తున్నాడని, గిరిజ కూడా ఎవరెవరినో వాటేసుకుంటోందని తెలిసింది. "మన డాక్టర్! మన డాక్టర్!" అని మెట్లమీద పాట అందుకున్నారు. ఆరేళ్ళలో ఆయన ఆ ఊళ్ళో అంత సంతోషంగా ఎప్పుడూ లేడు.

గోల చల్లారాక ఇసబెల్ వచ్చి ఎదురుగా నిలబడింది. శేషగిరి కోటు విప్పి, మడత పెట్టి, రెండు చేతులా అందించాడు. ఆవిడ దాన్ని తీసుకుని, దులిపి, వెనక్కి తిరగమని చెప్పి, తనే మళ్ళీ తొడిగింది. "ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి రండి, ఇద్దరూ," అంది. "మా వంటగది కూడా ఒకసారి చూద్దువుగాని."

మరుసటి సీజనుకి కమిటీ శేషగిరిని ఏకగ్రీవంగా క్లబ్ డాక్టరుగా కొనసాగించింది, స్టేషనుకి మాత్రం ఇంకెప్పుడూ పంపలేదు.