నైవేద్యానికి చోటు

సిన్‌చూ నగరంలోని ఆ చిన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీలో యున్‌-రు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా తేలిక. చేపల పడవలకు దీపాలు అమర్చే హో గారు మధ్యాహ్నం వస్తారు, ఆమె దీపానికి కరెంటు అందించే తన పవర్ బోర్డుకు తీగ తగిలిస్తుంది, దీపం వెలుగుతుంది. అది ఆమె సొంతంగా చేసిన మొదటి డిజైన్. బెడిసికొడితే మళ్ళీ ఇతరుల బోర్డులకు టెస్టింగు చేస్తూ కూర్చోవాలి. బోర్డు పలచగా ఉండాలని, కరెంటు లోపలికొచ్చే చోట లావుపాటి పాత కెపాసిటర్ తీసేసి బియ్యపు గింజలంత సిరామిక్‌వి పెట్టింది. నిన్నంతా అది చక్కగా పనిచేసింది.

లెక్కలు చూసే బావ్‌-జూ అక్క పొద్దున్నే బల్ల తుడిచి, యంత్రాలు మాట వినడానికి ఎప్పుడూ పెట్టే ఆకుపచ్చ కొబ్బరి చిరుతిండి ప్యాకెట్‌ను మధ్యలో కూర్చోబెట్టింది. చోటు చాలక, కరెంటిచ్చే పవర్ సప్లై డబ్బాని పక్క బల్ల మీదికి జరిపి, పొడుగు తీగ వేసింది.

యున్‌-రు తీగ తగిలించగానే బోర్డు టప్పున పేలింది.

"ప్యాకెట్ డేటు అయిపోయిందే అమ్మాయ్! యంత్రం అలగదూ మరి?" అంది అక్క.

కొత్త ప్యాకెట్లు వచ్చాయి, పళ్ళు కూడా వచ్చాయి. పవర్ సప్లై కిటికీ దగ్గరికి పోయింది. రెండో బోర్డూ పేలింది.

"ఇంత తక్కువ పెడితే ఏ దేవుడు పలుకుతాడు?" అంటూ మేనేజర్ లియావ్ స్థలాన్ని కాపాడే భూదేవుడి బొమ్మ, అగరొత్తులు తెచ్చాడు. "ఆ డబ్బాను గుమ్మం దగ్గరికి నెట్టండి!"

మిగిలింది ఒక్కటే బోర్డు. యున్‌-రు కూడా దణ్ణం పెట్టింది. కళ్ళు తెరిచేసరికి నేలంతా పాకుతున్న తీగ కనిపించింది.

"సార్, మనం నైవేద్యం పెంచినకొద్దీ తీగ పొడుగవుతోంది! అంత తీగలోంచి కరెంటు ఒక్కసారి దూకితే ఓల్టేజీ ఉయ్యాలూగి రెట్టింపవుతుంది. ఆ ఊపు ఆపడం నా సిరామిక్‌ల వల్ల కాదు. పాత లావు కెపాసిటర్ వల్ల అవుతుంది!"

చిన్నవాటి పక్కన లావుదాన్ని అతికించి తీగ తగిలించింది. సరిగ్గా అప్పుడే హో గారు లోపలికి వచ్చారు. దీపం వెలిగింది. అమ్మయ్య! ఆమె కుర్చీలో కూలబడింది.

హో గారు తీగ వెంట గుమ్మం దాకా నడిచి చూశారు. "మా పడవల్లో తీగ ఇంతుంటుందయ్యా. బోర్డులు అమ్మవచ్చినవాళ్ళంతా జానెడు తీగతో వెలిగించి చూపించారు. పడవెక్కాక అన్నీ పేలాయి. ఇది మాత్రం నేను కొనడం ఖాయం."

"పొద్దుట్నుంచీ అదే పరీక్ష సార్," అన్నాడు లియావ్ తొణక్కుండా. "కావాలనే రెండు బోర్డులు కాల్చాం."

ఆ 'కావాలనే' ఒక్కటీ తప్ప అంతా నిజమే కాబట్టి, యున్‌-రు కాలిన ఆ రెండు బోర్డులనూ తెచ్చి హో గారి ముందు పెట్టింది.