క్లాసు చూడని పట్టభద్రురాలు

మానవజాతి కనిపెట్టిన వాటన్నింటిలోకీ గొప్పది, పాఠం వినకుండానే విన్నంత ఫలం ఇచ్చే పరీక్ష. మా అయోవా రాష్ట్రంలో ఆ ఫలాన్ని గింజతో సహా తిన్న వ్యక్తి మా పక్కింటి నెల్ వాండర్‌హూఫ్. వయసు పదిహేను.

నెల్ బడి మొహం చూడలేదు. తల్లి కారీ వంటింట్లోనే చదువు చెప్పింది. ఆ పిల్లకున్న కోరిక ఒక్కటే: పాఠం జరుగుతుండగా పక్కపిల్లతో గుసగుసలాడాలి. అందుకు కాలేజీలో చేరాలి. ముందే పరీక్షలు రాసి, డిగ్రీ లెక్కలోకి వచ్చే క్రెడిట్లు సంపాదిస్తే చిన్న వయసులోనే చేర్చుకుంటారని ఎవరో చెప్పారు. నెల్ చరిత్ర రాసింది, పాసైంది. మనస్తత్వశాస్త్రం రాసింది, పాసైంది. స్పానిష్ కూడా పాసైంది (ఆమెతో స్పానిష్ మాట్లాడినవారు ఇంతవరకు లేరు). పరీక్షా కేంద్రం వాళ్లు ఆమె పుట్టినరోజుకు కేకు తెప్పించేదాకా వెళ్లింది వ్యవహారం.

ఆగస్టులో తల్లీకూతుళ్లు కాలేజీకి వెళ్లారు. క్రెడిట్ల సమన్వయ ఉపాధికారి ఓల్డ్‌క్యాంప్ గారు కంప్యూటర్లో చూసి, గౌరవంగా లేచి నిలబడ్డారు.

"అభినందనలమ్మా. నీ డిగ్రీ అయిపోయింది."

"ఇంకా మొదలే పెట్టలేదు కదా సార్."

"అదేగా గొప్ప. ఇక్కడ మావాళ్లు ఆరేళ్లయినా తెమలట్లేదు."

"ఒక్క క్లాసులో కూర్చోనా?"

"పాసైన సబ్జెక్టులో కూర్చోకూడదు. రూలు."

"పాసవ్వనిది ఏదైనా ఉందేమో చూడండి."

ఆయన చాలాసేపు వెతికారు. "ఏదీ మిగల్చలేదు కదమ్మా."

కారీ కూతురివైపు తిరిగింది. "ఆ ఖగోళశాస్త్రం వదిలెయ్యవే అని నెత్తీనోరూ కొట్టుకున్నాను. విన్నావా?"

"పోనీ, ఒకటి ఫెయిలవుతాను సార్."

"ఫెయిలవ్వాలంటే చేరాలి. చేరాలంటే డిగ్రీ ఉండకూడదు."

నెల్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఓల్డ్‌క్యాంప్ గారు చెడ్డవారు కాదు (మంచితనానికి నిబంధనలు అడ్డు రావు). ఆలోచించి ఒక దారి కనిపెట్టారు. పట్టా పుచ్చుకున్నవారు తరగతి గదిలో అడుగుపెట్టాలంటే ఉద్యోగులై ఉండాలి. "కాలేజీ జీవితానికి అలవాటు పడటం ఎలా" అనే పాఠం చెప్పేవారు దొరక్క కాలేజీ అల్లాడుతోంది. అర్హత డిగ్రీ. అనుభవం అక్కర్లేదు.

సోమవారం కొత్త అధ్యాపకురాలిని వాళ్లమ్మ కారులో దింపింది (ఒంటరిగా కారు నడిపే వయసు అధ్యాపకురాలికి ఇంకా రాలేదు). గది నిండా తనకన్నా పెద్దవాళ్లు, తనకన్నా బెదురుగా కూర్చుని ఉన్నారు. ఇంతమందిని ఒక్కచోట ఇంత దగ్గరగా నెల్ ఎన్నడూ చూడలేదు. బల్లలవైపు రెండడుగులు వేసి, గొంతు తగ్గించి అడిగింది:

"మధ్యాహ్నం మీరంతా ఎక్కడ తింటారు? నేనూ మీతో రావచ్చా?"

గది గదంతా పెన్నులు తీసింది. ముందు వరుసలోని కుర్రాడు వినయంగా లేచాడు.

"మేడమ్, ఇది పరీక్షలో వస్తుందా?"