అక్కర్లేని లైన్లు తీసేసిన ఎకార్ట్

బుధవారం పొద్దున ఎకార్ట్ బ్రింక్‌హోఫ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, మేడ మీదికి వెళ్లి కెర్నెల్లో ఒకే ఒక్క లైను తీసెయ్యాలి, మధ్యాహ్నం దిగి వచ్చి పెరట్లో గడ్డి కొయ్యాలి. గడ్డి సంగతి భార్య రోజ్‌విత పురమాయించింది. మిగతా రెండూ ఆయన సొంత ఆలోచనలు.

మేడ మీద గదిలో ఉన్నది ముప్ఫై అయిదేళ్ల నాటి కంప్యూటరు. ఇద్దరు పట్టుకుంటే గాని లేవదు, ఆన్ చేస్తే పక్కింటివాళ్లకు కూడా తెలుస్తుంది. అది ఎకార్ట్ సొత్తు కాదు, వాళ్ల ఊరు ఓల్డెన్‌బుర్గ్‌లోని పాత కంప్యూటర్ల సంఘానిది. సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. ఏటా జనానికి తలుపులు తెరిచే శనివారం నాడు దాన్ని ఈ కాలపు ఆపరేటింగ్ సిస్టంతో నడిపించి చూపించాలి. నడిస్తే మరో ఏడాది అదే ఇంట్లో ఉంటుంది. నడవకపోతే సంఘం పోటీలో ఎప్పుడూ రెండో స్థానంలో ఉండే వోల్క్‌మార్ ఇంటికి పోతుంది. భూముల సర్వే ఆఫీసు నుంచి రిటైరయ్యాక ఎకార్ట్ పొద్దున్నే మంచం దిగడానికి ఉన్న కారణం ఆ యంత్రం ఒక్కటే. అది పోతే తను ఏమైపోతాడో తలుచుకోవడానికి కూడా ఆయనకు ధైర్యం చాలదు.

యంత్రం కళ్లు తెరవగానే ఇదిగో డిస్కు, ఇదిగో కీబోర్డు అని దానికి పరిచయాలు చేసేది కెర్నెల్. ఎవరెవర్ని పరిచయం చెయ్యాలో ఒక ఫైల్లో వరసగా లైన్లు రాసి ఉంటాయి. అక్కర్లేనిదాని ముందు చిన్న గుర్తు పెట్టి కెర్నెల్ మళ్లీ తయారు చేసుకుంటే ఆ భాగం లేనట్టే లెక్క. అందరికీ సరిపడేలా రెడీమేడ్ కెర్నెల్ ఒకటి వస్తుంది, నిక్షేపంలా పనిచేస్తుంది కూడా. కాని సంఘంలో దాన్ని వాడేవాణ్ణి, విందుకి అంగట్లో కొన్న ఆలుగడ్డ సలాడ్ డబ్బా పట్టుకొచ్చినవాణ్ణి చూసినట్టు చూస్తారు. ఎవరి కెర్నెల్ ఎంత సన్నగా ఉంటే వాళ్లకు అంత పరువు. పైగా అది ఆ ముసలి యంత్రం మీదే తయారు కావాలి. ఏ పనికైనా కొత్త కంప్యూటరు సాయం తీసుకున్నారంటే పోటీలోంచి తప్పించేస్తారు.

ఎకార్ట్ ముందు అనుకున్న లైను తీసేశాడు. అది తన దగ్గర లేని నెట్‌వర్క్ కార్డుది. అంతటితో లేచి గడ్డి కోసి ఉంటే ఈ కథే లేదు. సరిగ్గా అప్పుడే వోల్క్‌మార్ ఫోన్ చేశాడు.

"ఏమయ్యా, శనివారానికి అంతా సిద్ధమేనా? నా ఇంట్లో చిన్న మిషన్ ఉంది చూడు, దాని కెర్నెల్ బాగా చిక్కిపోయింది. నాకే జాలేస్తోంది."

"నాది ఇంకా చిక్కుతుందిలే," అన్నాడు ఎకార్ట్.

"అంత తీసెయ్యడానికి అందులో ఏం మిగిలిందని?"

ఆ మాట పడి ఎవడైనా ఊరుకుంటాడేమో గాని, సన్న కెర్నెల్ మీద ప్రాణం పెట్టినవాడు ఊరుకోడు. ఎకార్ట్ మళ్లీ ఫైలు తెరిచాడు. మోడెం లాంటివి తగిలించుకునే తీగల చిప్పు ఒకటి కనిపించింది. మోడెం లేదు కదా అని తీసేశాడు. వెంటనే కెర్నెల్ తయారుచేసే ప్రోగ్రాం గొణిగింది, ఆ చిప్పును నమ్ముకున్న రెండు లైన్లు దిక్కులేనివైపోయాయని. మంచి సలహా ఇచ్చిందనుకుని ఆ రెంటినీ కూడా తీసేశాడు. తర్వాత డిస్కులను పలకరించే లైన్లు రెండు కనిపించాయి. ఒకటి లోపలి డిస్కుకి, ఇంకొకటి బయట తగిలించే పెట్టెలకి. ఏది ఏదో తనకు తెలుసన్న నమ్మకం ఎకార్ట్‌కి పుష్కలంగా ఉంది, అందువల్ల చూసుకోకుండానే ఒకటి తీసేశాడు.

ఇక తయారీ మొదలుపెడదామంటే డిస్కులో చోటు చాలలేదు. ఏం తీస్తే చోటు వస్తుందా అని చూస్తే అన్నిటికంటే లావుగా పాత కెర్నెల్ కనిపించింది. నడుస్తున్న పాత కెర్నెల్ని చచ్చినా చెరపకూడదని, కనీసం ఒక నకలైనా దాచుకోవాలని సంఘం పత్రికలో ఆవేశంగా వ్యాసం రాసిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఆ పెద్దమనిషి ఎకార్టే. వ్యాసం లోకానికి రాశాడు గాని తనకి కాదు కదా. చెరిపేశాడు.

ఆ యంత్రం మీద కెర్నెల్ తయారు కావాలంటే శుక్రవారం దాకా దాని జోలికి పోకూడదు. చేతికి పని లేక ఎకార్ట్ కిందికి దిగాడు. గడ్డి వైపు చూశాడు, వాన పడేలా ఉందని తనకు తానే చెప్పుకున్నాడు. వంటింట్లోకి వెళ్లి సొరుగు లాగాడు.

మర్నాడు రోజ్‌విత మందుల షాపులో పనికి వెళ్లగానే, కెర్నెల్‌కి వర్తించిన సూత్రమే వంటింటికీ వర్తించింది. ఈ మధ్య వాడింది ఉండాలి, వాడనిది పోవాలి. రబ్బరు రింగులు, మూతల్లేని డబ్బాలు, డబ్బాల్లేని మూతలు, మధ్యలో గొట్టమున్న పెద్ద కేకు అచ్చు, అన్నీ అట్టపెట్టెల్లోకి ఎక్కాయి. వంటిల్లు తేలికపడ్డాక స్టోర్ గది మీద పడ్డాడు. అక్కడా నాలుగు పెట్టెలు తేలాయి, మూతలు తీసి చూడాల్సినంత ముఖ్యమైనవిగా అనిపించలేదు. అన్నిటినీ కారులో వేసుకుని ఊరి చెత్త డిపోలో అప్పగించి వచ్చాడు. ఇంత హాయిగా ఎన్నేళ్లయిందో అనుకున్నాడు.

సాయంత్రం రోజ్‌విత వంటింట్లో అటూ ఇటూ తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"నా కేకు అచ్చేది?"

"ఎప్పుడైనా వాడావా దాన్ని?"

"ఏటా వాడతాను. మీ సంఘం పండగకి. ఈ శనివారానికి."

"ఏడాదికి ఒకసారేగా," అన్నాడు ఎకార్ట్, మెల్లగా.

"పెళ్లిరోజు కూడా ఏడాదికి ఒకసారే వస్తుంది. దాన్ని కూడా పెట్టెలో వేశావా? సొరుగులో నా చెంచాలన్నీ పొడుగు ప్రకారం పేర్చింది ఎవరు?"

"వెతుక్కోవడానికి వీలుగా ఉంటుందని."

"ముప్ఫై ఏళ్లుగా నేనెప్పుడూ వెతుక్కోలేదు. ఇవాళే వెతుక్కున్నాను. నువ్వు రేపు పైకి వెళ్తావా లేదా?"

శుక్రవారం పొద్దున ఎకార్ట్ పైకి వెళ్లాడు. కొత్త కెర్నెల్ తయారై ఉంది, చిక్కి పుల్లలా ఉంది. మురిసిపోతూ యంత్రాన్ని ఆపి మళ్లీ లేపాడు. తెర మీద అక్షరాలు చకచకా పరిగెత్తి, ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాయి. నాకు డిస్కు కనిపించడం లేదు, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటారు అని యంత్రం మర్యాదగా అడుగుతోంది. ఎకార్ట్ జవాబు టైపు చేశాడు. తెర మీద ఏమీ పడలేదు. గట్టిగా నొక్కాడు. అప్పుడు ఆయన బుర్రలో వెలిగింది. ఈ రకం యంత్రంలో కీబోర్డు తగులుకునేది మోడెం చిప్పుకే. దిక్కులేనివని తీసేసిన రెండు లైన్లలో ఒకటి కీబోర్డుది, ఇంకొకటి మౌసుది. తీసేసిన డిస్కు లైను లోపలి డిస్కుదే అయింది. యంత్రానికి గుడ్డితనం, చెవుడు రెండూ తనే తెచ్చిపెట్టాడు, మాట మాత్రం ఉంచాడు.

ఎకార్ట్ కుర్చీలో కూలబడ్డాడు. "గాడిదా," అన్నాడు. గదిలో ఇంకెవరూ లేరు కాబట్టి ఎవర్ని అన్నాడో స్పష్టమే.

దారి ఒకటుంది. సిస్టం మొత్తం దాచిన టేపు నుంచి యంత్రాన్ని మళ్లీ లేపొచ్చు. టేపు తిప్పే డ్రైవును మాత్రం నిరుడు వోల్క్‌మార్‌కి అరువిచ్చాడు. గొంతు సవరించుకుని ఫోన్ చేశాడు.

"వోల్క్‌మార్, ఆ టేపు డ్రైవు ఒకసారి కావాలి. ఊరికే, దుమ్ము దులిపి పెడదామని."

"దుమ్మా? పండగ ముందు రోజా?" అన్నాడు వోల్క్‌మార్. "అర్థమైందిలే. అంత సన్నం చేసి కూడా టేపు నడిపే లైను ఉంచావన్నమాట, జనం ముందు తిప్పి చూపిద్దామని. రేపు హాలుకే తెస్తాను. నీ గొప్ప నేనూ చూడాలిగా."

అలాంటిదేమీ లేదనడానికి ఎకార్ట్ నోరు తెరిచాడు. అందులో ఉన్న ప్రశంస తియ్యగా తగిలి నోరు మూసుకున్నాడు. ఆ మూసుకోవడం వల్ల, గంట తిరక్కుండా సంఘం అధ్యక్షురాలు ఇర్మ్‌గార్డ్ ఫోన్ చేసింది.

"ఎకార్ట్, మీరు అద్భుతం చేశారట కదా. వోల్క్‌మార్ చెప్పాడు. ఊరి పత్రిక విలేఖరిని కూడా పిలిచాను. మంచి చొక్కా వేసుకు రండి."

ఎకార్ట్ టేపుల పెట్టె కోసం స్టోర్ గదికి పరిగెత్తాడు. గది అద్దంలా ఉంది. ఒక్క పెట్టె కూడా లేదు. మూత తీసి చూడక్కర్లేదనుకున్న నాలుగు పెట్టెలు గుర్తొచ్చి వెంటనే కారు తీశాడు.

చెత్త డిపోలో నారింజరంగు కోటు వేసుకున్నాయన ఇనుప కంచె ముందు నిలబడి ఉన్నాడు. కంచె వెనక తొట్టెలో, అన్నిటికంటే పైన, టేపుల పెట్టె ఎకార్ట్‌కి కనిపిస్తూనే ఉంది. దాని పక్కనే కేకు అచ్చు ఎండకి మెరుస్తోంది.

"అయ్యా, ఆ రెండూ నావి. నిన్న నేనే తెచ్చాను. పొరపాటున వేశాను."

"కంచె దాటి లోపల పడింది ఊరి సొత్తండీ. బయటికి తీస్తే దొంగతనం కిందికొస్తుంది."

"కాని అవి నావే కదా."

"నిన్న మీవి. బోర్డు చదివే వేశారుగా?"

ఎకార్ట్ బోర్డు వైపు చూశాడు. ఉంది, పెద్ద అక్షరాల్లోనే ఉంది. "కనీసం ఇక్కడ నిలబడి చూడొచ్చా?" అన్నాడు.

"నిరభ్యంతరంగా. మూసేవేళ దాకా చూడండి."

కాసేపు చూసి ఇంటికొచ్చాడు. జరిగిందంతా రోజ్‌వితకి చెప్పాడు, చెంచాల సంగతితో సహా క్షమాపణ అడిగాడు. ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు. మామూలు పళ్లెంలో ప్లమ్ పళ్ల కేకు చేస్తూ, "రేపు నిజం చెప్పెయ్యి," అంది. "పోతే పోతుంది." ఆ చివరి మాట ఎకార్ట్‌కి గుచ్చుకుంది. యంత్రం పోవాలనే ఆవిడకి ఉన్నట్టుంది, ఆ గదిని చుట్టాల గది చేసుకోవాలని ఎన్నాళ్లుగానో అంటోంది మరి.

శనివారం హాలు నిండా జనం. మంచి చొక్కాలో ఎకార్ట్ నిలబడ్డాడు, పక్కన యంత్రం అదే ప్రశ్న వేసి జవాబు కోసం చూస్తోంది. విలేఖరి కెమెరా ఎత్తాడు. వోల్క్‌మార్ టేపు డ్రైవు చంకలో పెట్టుకుని ముందు వరసలో ఉన్నాడు.

"ఇది నడవదు," అన్నాడు ఎకార్ట్. "అక్కర్లేనివన్నీ తీసేశాను. తీసేశాక తెలిసింది, అందులో అక్కర్లేనిదల్లా నా తెలివేనని." కెర్నెల్, నకలు, టేపులు, చెత్త డిపో, వరసగా అన్నీ చెప్పేశాడు. చెప్పడం అయ్యాక యంత్రాన్ని ఒకసారి చేత్తో నిమిరాడు. "కట్టుబాటు కట్టుబాటే. యంత్రం వోల్క్‌మార్‌ది. బాగా చూసుకో, లేచేటప్పుడు కొంచెం మూలుగుతుంది, భయపడకు."

ఇర్మ్‌గార్డ్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. అందరూ వోల్క్‌మార్ వైపు తిరిగారు. అతని ముఖం తెల్లబడి ఉంది.

"నాకెందుకు?" అన్నాడు. "అదెక్కడ పెట్టను? ఉన్న ఒక్క ఖాళీ గదిలో మా ఆవిడ ఆల్ముట్ మగ్గం వేసుకుంది. ఇది గుమ్మంలో కనిపిస్తే నన్ను కూడా దీంతో పాటే బయటపెడుతుంది."

"మరి ఇన్నేళ్లు ఎందుకు పోటీ పడ్డావు?" అన్నాడు ఎకార్ట్.

"పోటీ పడ్డాను, నెగ్గాలని కాదు. ప్రతి ఏడూ రెండో స్థానం ఊరికే వచ్చిందనుకుంటున్నారా? ఎంత కష్టపడి తెచ్చుకున్నానో నాకు తెలుసు." డ్రైవును ఎకార్ట్ చేతిలో పెట్టేశాడు. "ఇదిగో. నీ సిస్టం టేపు నకలు కూడా కారులో ఉంది, నీ వ్యాసం చదివి దాచుకున్నాను. మొత్తం ఉంచేసుకో. ఇప్పుడే లేపుదాం దాన్ని."

"వీల్లేదు," అన్నాడు ఎకార్ట్, కళ్లు తుడుచుకుంటూనే. "వేళకి నడవలేదు. కట్టుబాటు ప్రకారం మా ఇంట్లో ఉండడానికి లేదు."

కేకుల బల్ల వెనక నుంచి రోజ్‌విత కత్తి చేత్తోనే వచ్చింది. "అయితే ఆ కట్టుబాటు మార్చండి," అంది. "అది మా ఇంటికే రావాలి. ఇవాళే."

ఎకార్ట్ తన చెవుల్ని తనే నమ్మలేకపోయాడు. "నీకు గది కావాలన్నావుగా రోజీ."

"నాకు వంటిల్లు కావాలి," అంది రోజ్‌విత. తర్వాత సభ వైపు తిరిగింది. "ఇది రెండు రోజులు తన పని తాను చేసుకుంది. ఆ రెండు రోజులూ ఈయన ఖాళీగా కిందికి దిగాడు. నా చెంచాలు పొడుగు ప్రకారం పేర్చాడు, నా కేకు అచ్చు ఊరికి దానమిచ్చాడు. మూడో రోజు కూడా ఖాళీ దొరికితే అక్కర్లేని లైన్ల ముందు పెట్టే ఆ గుర్తు నా ముందు కూడా పెట్టేసేవాడు. మీకు దణ్ణం పెడతాను, మనిషికీ యంత్రానికీ మధ్య ఖాళీ రానివ్వకండి."

అక్కడ ఉన్న భార్యలందరూ ముందు చప్పట్లు కొట్టారు, భర్తలు ఆలోచించి కొట్టారు. ఇర్మ్‌గార్డ్ అప్పటికప్పుడే సవరణ చదివింది: యంత్రం నడిచినా నడవకపోయినా బ్రింక్‌హోఫ్‌ల ఇంట్లోనే ఉండాలి, అది పనిలో ఉన్నంతసేపూ ఎకార్ట్ దాని పక్కనే కూర్చోవాలి. వోల్క్‌మార్ రెండు చేతులూ ఎత్తాడు. సవరణ ఏకగ్రీవంగా నెగ్గింది.

ఎకార్ట్ ఓటు మాత్రం ఎవరూ అడగలేదు.