ఏసోబు గిటారు రొద

ఆ పొద్దున ఆకాశం కుడితి రంగులో, వానా ఎండా ఏదీ తేల్చకుండా ఉప్పు మళ్ళ మీద కూర్చునుంది. ఆ ఆకాశం కిందనే, కొఠారుపాలెం రేషన్ కొట్టులో, పాలపర్తి ఏసోబు గిటారు పాలపర్తి ఏసోబుగా నమోదైంది. వరసలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. వెనకనున్న ముసలామె మాత్రం "కానీండి నాయనా, పొద్దెక్కుతోంది" అంది.

ఏసోబుది ఉప్పు మళ్ళలో పని. ఉప్పునీళ్ళు చేతివేళ్ళ గీతల్ని తినేస్తాయి. నడివయసు దాటేసరికి ఆ పాలెంలో అందరి వేళ్ళూ గులకరాళ్ళలా నున్నబడతాయి. అందుకని వేలిముద్ర మిషను వాళ్ళలో ఎవరినీ ఎరగదు. అలాంటి వాళ్ళ కోసం ప్రభుత్వం ఆ నెలలోనే మిషనుకు గొంతు గుర్తుపట్టే చెవి కూడా బిగించింది. కానీ మనిషి గొంతు పూటకో తీరు. జలుబు చేస్తే ఒకటి, కోపమొస్తే ఒకటి. మిషనుకు నిలకడ కావాలి.

ఏసోబు వేలు పెట్టాడు, మిషను కాదంది. పేరు చెప్పాడు, "మీ గొంతు స్పష్టంగా లేదు" అంది. చర్చిలో పాటల సాధనకు పోతూ భుజాన వేసుకొచ్చిన గిటారు అప్పుడే ముందుకు జారింది. అతని నడుముకున్న చిన్న స్పీకరు డబ్బా మీట ఎప్పుడో తుప్పు పట్టింది, అది పూర్తిగా ఆగదు. గిటారు తన మామూలు రొద తను పెట్టింది. గుంయ్‌మని ఒకటే రొద, హెచ్చూ లేదు, తగ్గూ లేదు. మిషను పచ్చదీపం వెలిగించింది. "పాలపర్తి ఏసోబు. మీ వివరాలు సరిపోయాయి. ధన్యవాదాలు."

"పిచ్చయ్య గారూ, పలికింది నేను కాదండీ, ఇది" అన్నాడు ఏసోబు.

"ఎవరు పలికితే ఏందిలే" అన్నాడు డీలరు పిచ్చయ్య. "పచ్చ వెలిగింది. సంచి పట్టు."

సంచి పట్టాడు. ఏసోబు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు గానీ, మనసులో ఒకటి ఉంచుకుని తిరగలేడు. బియ్యం ఇంట్లో దించి, గిటారుతో సహా గ్రామ సచివాలయానికి పోయాడు. అక్కడ కంప్యూటరు ముందు కూర్చునే ప్రత్యూష అంతా విని, తెర చూసి, తల ఊపింది.

"పొరపాటేం లేదండీ. ఒక పేరుకు ఒక్కరే ఉండాలి. ఏసోబు అంటే ఇదే."

"మరి నేనెవర్నమ్మా?"

ఆమె కాసేపు వెతికింది. "మోసే మనిషి అని ఒక గడి ఉందండీ. అందులో పెట్టాను. ఆ గడి వయసు అడగదు, కులం అడగదు. మీకు అదే నయం."

ఏసోబు దండం పెట్టి వచ్చేశాడు. నిజం చెప్పాలంటే దారిలో అతని నడక కొంచెం మారింది. ఇన్నాళ్ళూ తను వేలు పెడితే కాదన్న ప్రభుత్వం తన గిటారును అవునంది. అది ఎవరికైనా చిన్న సంగతి కాదు.

ఆ గిటారు గురించి చెప్పాలి. తాతల కాలంనాటి విదేశీ మోడలుకు చవక నకలు అది. సముద్రపు పాచి రంగు, మధ్యలో వెండిపూత రేకుల కింద తీగల శబ్దం పట్టే రెండు పికప్పులు, పక్కన పళ్ళలాగా మూడు తెల్ల మీటలు. విజయవాడలో పాత సామాన్ల బజారులో దొరికినప్పుడే దాని మెడ వంగి ఉంది. మొదటి మీట వేస్తే శబ్దం కుండలోంచి వచ్చినట్టు, రెండోది వేస్తే రేకు మీద వడగళ్ళు పడినట్టు ఉంటుంది. మూడో మీట ఎందుకుందో ఎవరికీ తెలియదు. గుండీ తిప్పితే చిటపటలాడుతుంది. ఊపే కడ్డీ ఒకసారి నొక్కితే శ్రుతి పోతుంది, రెండోసారి నొక్కితే తిరిగొస్తుంది. దగ్గరగా దగ్గితే దగ్గు కూడా స్పీకర్లోంచి వినపడుతుంది. ట్యూబులైటు కింద రొద పెరుగుతుంది, సముద్రం వైపు తిరిగి నిలబడితే తగ్గుతుంది. అందుకే ఏసోబు చర్చిలో ఎప్పుడూ పాస్టరు గారికి వీపు పెట్టి, సముద్రం వైపు తిరిగి వాయిస్తాడు. అది అవమానమని పాస్టరు గారు మొదట్లో అనుకున్నారు, తర్వాత భక్తి అనుకున్నారు.

దానికి మరమ్మతులు చేసేది బావమరిది దానియేలు, ఊళ్ళో మోటార్లకు తీగ చుట్టేవాడు. మెడ కింద అగ్గిపెట్టె అట్ట మడిచి పెట్టాడు. తీగలు ఆనే ఇనపచెక్క కింద సైకిలు ట్యూబు ముక్క వేశాడు. ఒక్క రొదే అతనికి లొంగలేదు.

గిటారు ఏసోబు అయిన సంగతి విని దానియేలు సాయంత్రానికల్లా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "ఏంది బావా, ఇంక మా అక్క దేనికి అన్నం పెట్టాల? నీకా, దానికా?"

"దాని బియ్యమే గదరా మనం తినేది" అంది ఏసోబు పెళ్ళాం సువార్తమ్మ లోపల్నించి. "అది నయం. అప్పులు చెయ్యదు, అలగదు."

ఆ నెల్లోనే గిటారుకు ఉపాధి పనిలో హాజరు పడింది. గ్రామసభలో దానికి కుర్చీ వేశారు, ఏసోబు పక్కన నిలబడ్డాడు. మంచినీళ్ళ తీర్మానం మీద అభిప్రాయం అడిగితే అది గుంయ్‌మంది. దాన్ని అంగీకారంగా రాసుకున్నారు. ఊళ్ళో ఇంతవరకూ ఏ మనిషి అభిప్రాయమూ అంత స్పష్టంగా నమోదు కాలేదని కార్యదర్శి మెచ్చుకున్నాడు. పాలెం వాళ్ళు పక్క ఊళ్ళో పెళ్ళికి పోయినా "మా గిటారుకు కార్డుంది" అని చెప్పుకున్నారు.

చర్చి వార్షికోత్సవం దగ్గర పడింది. ఒంగోలు నుంచి పెద్ద గిటార్ల వాళ్ళు వస్తున్నారు. వాళ్ళ ముందు బావ పరువు నిలబెట్టాలని దానియేలు పట్టుదల పట్టాడు. ఏసోబు మళ్ళలో ఉన్న పూట గిటారు విప్పి, లోపలి గుంటలకు మోటార్ల పనిలో మిగిలిన రాగిరేకు అంటించి, చాలని చోట బిరియానీ పొట్లాల వెండికాగితం అతికించి, లోపలి పాత కరెంటు తీగలన్నీ తీసి కొత్తవి వేసి, ఎర్తు కలిపాడు. చెప్పకుండా చేశాడు. బావ ముఖం చూడాలని.

వార్షికోత్సవం రోజు ఏసోబు మీట వేశాడు. ఏమీ వినపడలేదు. పోయిందనుకున్నాడు. తర్వాత ఒక్క తీగ మీటాడు. కుండ శబ్దం అలాగే ఉంది, వడగళ్ళు అలాగే ఉన్నాయి, వాటి వెనకాల మాత్రం గాలి ఆగిన మళ్ళలో నీళ్ళలాంటి నిశ్శబ్దం. పాట అయిపోయాక చివరి స్వరం ఎంతసేపు నిలిచిందంటే, పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టకుండా అది అయ్యేదాకా ఆగారు. ఒంగోలు వాళ్ళలో ఒకడు వచ్చి "ఇది ఏ కంపెనీదండీ?" అని అడిగాడు.

"మా బావమరిది కంపెనీ" అన్నాడు ఏసోబు. ఆ రోజు అతను మొదటిసారి చర్చిలో జనం వైపు తిరిగి వాయించాడు.

మళ్ళీ రేషన్ రోజొచ్చింది. గిటారు మిషను ముందు నిలబడింది. నిశ్శబ్దం. మిషను ఎర్రదీపం వెలిగించింది. "పాలపర్తి ఏసోబు మరణించినట్టు నమోదు చేయడమైనది. మీ కుటుంబానికి ప్రగాఢ సానుభూతి."

పిచ్చయ్య నెత్తిన తుండుగుడ్డ తీశాడు. వరసలో వాళ్ళు కూడా తీశారు. బియ్యం ఇవ్వలేదు.

సచివాలయంలో ప్రత్యూష సువార్తమ్మను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. "వితంతు పింఛనుకు పెట్టేదా అండీ?"

"మొగుడు ఎదురుగా నిలబడుంటే వితంతు పింఛనేందమ్మా?"

"ఆయన మోసే మనిషండీ. మోయాల్సింది పోయింది గదా. వచ్చే నెల నుంచి ఆ గడి కూడా తీసేస్తారు."

దానియేలు ఇంటికొచ్చి స్క్రూడ్రైవరు చేతబట్టుకుని కూర్చున్నాడు. తల ఎత్తలేదు. "రేకు పీకేస్తా బావా. పాత తీగలు ఉన్నయ్యి. గంటలో రొద తెస్తా. నువ్వు మళ్ళీ బతుకుతావు."

ఏసోబు గిటారు ఒళ్ళో పెట్టుకుని ఒక్క తీగ మీటాడు. ఇంట్లో బియ్యం అడుగంటాయి. పేరు లేదు, నెల మారితే గడి కూడా ఉండదు.

"పీకొద్దు" అన్నాడు. "ఇన్నాళ్ళకి బాగుపడింది. దాన్నట్టా ఉండనీ."

తెల్లారి ఒక్కడే కొట్టుకు పోయాడు. మిషను ముందు నిలబడి, పెదాలు మూసి, ముక్కులోంచి గుంయ్‌మన్నాడు. ఏళ్ళ తరబడి ఆ రొదను భుజాన మోసినవాడు. దాని ఎత్తు తెలుసు, దాని బరువు తెలుసు, ట్యూబులైటు కింద ఎంత పెంచాలో తెలుసు. పచ్చదీపం వెలిగింది. "పాలపర్తి ఏసోబు. మీరు తిరిగి వచ్చినందుకు సంతోషం."

"అసలు దానికన్నా నువ్వే బాగా పలికావయ్యా" అన్నాడు పిచ్చయ్య, బియ్యం పోస్తూ. ఏసోబుకు ఆ మాట ఒంగోలు వాళ్ళ మాట కన్నా తియ్యగా తగిలింది.

సంగతి పాలెమంతా పాకింది. ఉప్పు తిన్న వేళ్ళవాళ్ళందరూ అరుగు దగ్గరికొచ్చారు. ఏసోబు నేర్పాడు, దానియేలు సరిచేశాడు. గొంతు సన్ననైతే నాలుక కింద గవ్వ పెట్టాడు. చిటపటలాడే గొంతుకు తేనె రాశాడు. ముసలామె మెడ వంగి ఉంటే గడ్డం కింద అట్టముక్క మడిచి పెట్టాడు. కుదరని వాళ్ళను సముద్రం వైపు తిప్పాడు. వరస పెట్టి అందరికీ పచ్చ వెలిగింది. ప్రత్యూష వాళ్ళను రెండో ఏసోబు, మూడో ఏసోబు అని ఎక్కించుకుంటూ పోయింది. ముసలామె కూడా ఏసోబే. మండలంలో నమోదుకు ఒక్క మనిషీ తప్పని ఊరు ఇదొక్కటేనని పైనుంచి మెప్పు కాగితం వచ్చింది. దాన్ని చర్చి గుమ్మానికి కట్టారు.

కాగితం కింద చిన్న సూచన ఉంది. నమోదైన గొంతును ఇతర అవసరాలకు వాడి పాడు చేసుకోరాదు. అది సబబుగానే ఉందని అందరూ తలలూపారు. నోటితో ఎవరూ అనలేదు.

ఆ ఆదివారం చర్చిలో గిటారు ఒక్కటే పాడింది. చాలా బాగా పాడింది. తర్వాత పాలెమంతా ఆవరణలో బంతులు తీరి కూర్చున్నారు. అందరి ఆకుల్లోనూ వాళ్ళు గెలుచుకొచ్చిన బియ్యమే, వేడివేడి అన్నం. ప్రార్థన మనసులో చేసుకున్నారు. ఏసోబు గిటారును గోడకు ఆనించి దాని పక్కన కూర్చున్నాడు. సువార్తమ్మ చేపల పులుసు వడ్డించుకుంటూ వచ్చింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఏసోబు ఆమె వైపు చూశాడు. దానియేలు కూడా చూశాడు. బంతి చివరిదాకా అందరూ తలెత్తి ఒకసారి చూసి, మళ్ళీ ఆకుల మీదికి వంగారు.

పులుసులో ఉప్పు తక్కువైంది. ఎవరూ అడగలేదు.