సమాధుల తోటలో గాలిమర నీడ

ఆ శనివారం వరప్రసాదం వేసుకున్న ప్లాను చిన్నదే. పొద్దున్నే చచ్చిపోయి, ఫోటో తీయించుకుని, పది గంటలకల్లా ఇంటికొచ్చి సద్దన్నం తినాలి.

ఉదయగిరి పక్కన గాలిమరలు పెట్టిన కంపెనీ చుట్టుపక్కల ఊళ్లకు ఏటా ఏదో ఒకటి కట్టించి ఇస్తుంది. వరప్రసాదం సమాధుల తోటలో రేకుల షెడ్డు అడిగాడు. పోయిన మే నెలలో, మిట్టమధ్యాహ్నం, ఆయన భార్య సుకుమారిని పూడ్చినప్పుడు ఎండ నిప్పులు చెరిగింది. పాస్టరు సగం ప్రార్థనకే ఆమెన్ అన్నాడు. పాట ఒక్క చరణంతో ఆగింది. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషిని అంత తొందరగా పంపేసినందుకు ఆయన గుండె ఇంకా మండుతూనే ఉంది.

పూడ్చేటప్పుడు జనం పడే ఇబ్బంది ఫోటోలో కనపడాలని కంపెనీ వాళ్లు షరతు పెట్టారు. ఊళ్లో చూస్తే ఎవరూ చావడం లేదు. మంచం పట్టిన తిరుపాలు కూడా లేచి టీ కొట్టుకు వస్తున్నాడు.

"నేనే పడుకుంటాలేరా," అన్నాడు మేనల్లుడు జోయల్‌తో. "నాకేమన్నా పనుండాదా?"

జోయల్ చర్చిలో ఉండే శవపెట్టె తోటకు తెచ్చి, మామను పడుకోబెట్టి, ముక్కుల్లో దూది పెట్టి, దండ వేశాడు. ఎట్లా ఉందో చూద్దామని ఒక ఫోటో తీసి, "అందరూ తోటకు రండి" అని చర్చి గ్రూపులో పెట్టాడు. ఇది ఉత్తుత్తి చావని రాయడం మరిచాడు. వెధవకు బుర్రే ఉంటే ఈ కథే లేదు.

తోటకు ఊరంతా వచ్చింది. ఆత్మకూరు నుంచి చెల్లెలు రాహేలమ్మ కారు దిగుతూనే పెట్టె మీద పడింది.

"అన్నా! మొన్న గూడా నాతో పోట్లాడినావే! ఇంక నేనెవురితో పోట్లాడేది?"

బతికుండగా ఆమె ఒక్కసారైనా అంత ప్రేమగా మాట్లాడింది లేదు. ఆయన లేవబోయాడు. జోయల్ చెవిలో గొణిగాడు.

"కదలొద్దు మామా! నువ్వు పోయినావని కంపెనీ ఆఫీసరు గూడా దండ తెచ్చినాడు. దొంగ శవమని తెలిస్తే షెడ్డు గోవిందా!"

ఎండ ముదిరింది. తోట పక్కనున్న గాలిమర స్తంభం నీడ సన్నగా, పొడుగ్గా పడి ఉంది. జనం ఒక్కొక్కరే అందులోకి జరిగి, రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు వరసగా నిలబడ్డారు. నీడ జరిగితే వాళ్లూ జరిగారు. పాస్టరు బైబిలుతో సహా జరిగాడు. చల్లగా ఉందేమో, ఈసారి పాట అన్ని చరణాలూ పాడారు.

ఆఫీసరు ముచ్చటపడి ఫోటో తీసుకున్నాడు. "ఇంక షెడ్డెందుకండీ? మా గాలిమరే నీడ ఇస్తోంది కదా! ఈ అప్లికేషన్ క్లోజ్ చేసేద్దాం."

వరప్రసాదం పెట్టెలో లేచి కూర్చున్నాడు.

"నా పెండ్లాం పోయిన పొద్దు ఈ నీడ యాడికి పొయ్యినాది సారూ?" అని దూది ముక్కులతోనే అరిచాడు.

ఆఫీసరు కెవ్వుమన్నాడు. ఒక చెప్పు అక్కడే వదిలేసి కారు దాకా పరుగెత్తాడు. రాహేలమ్మ అన్నను కావలించుకుని ఏడ్చింది. తర్వాత ఇంతవరకూ మాట్లాడలేదు.

షెడ్డు రాలేదు. జనవరిలో కంపెనీ క్యాలెండరు వచ్చింది. మే నెల పేజీలో ఆ ఫోటో వేసి, కింద "మా నీడలో మీ ఊరు" అని రాశారు. వరప్రసాదం దాన్ని సుకుమారి ఫోటో పక్కన తగిలించి చాలాసేపు చూశాడు. ఊరంతా నీడలోనే ఉంది.

ఎండలో ఉన్నది పెట్టె ఒక్కటే.