బ్రిడ్జి పికప్

ఆ శనివారం సత్యం తలపెట్టిన పని ఒక్కటే. గజపతినగరం నుంచి గిరిబాబు తెచ్చి పడేసిన నీళ్ల మోటారుకు మధ్యాహ్నంలోగా తీగ చుట్టి పంపేయాలి. విజయనగరంలో అతని మోటారు వైండింగ్ దుకాణం ఇంటి ముందు గదిలోనే ఉంది. ముప్ఫయ్యేళ్లుగా కాలిపోయిన మోటార్లను విప్పి, కొత్త రాగి తీగ చుట్టి బతికిస్తున్నాడు. కరెంటు తగిలినా జంకని మనిషి గాని, కూతురు షీబా విషయంలో మాత్రం గాలికి తలుపు కొట్టుకున్నా ఉలిక్కిపడతాడు.

షీబాకు ఇరవై నాలుగేళ్లు. కాలేజీలో లెక్కలు చెబుతుంది, ఆదివారం చర్చిలో గిటార్ వాయిస్తుంది. బాప్తిస్మం తీసుకున్న ఏడాది తండ్రి కొనిచ్చిన ఎలక్ట్రిక్ గిటార్ అది. ఈమధ్యే పాస్టరు గారు ఆమెకు ఎజ్రా అనే బ్యాంకు కుర్రాడి సంబంధం చెప్పారు. అబ్బాయి మెతక, మాట బయటికి రాదు, అదొక్కటే లోపం.

తొమ్మిదింటికి పట్టకారు కోసం లోపలికి వెళ్లిన సత్యానికి పెరట్లోంచి షీబా ఫోనులో గుసగుసగా మాట్లాడటం వినిపించింది.

"లేదు యుగంధర్, ముందు బ్రిడ్జి పికప్పే. నెక్ సంగతి తర్వాత సూద్దాం."

సత్యం గోడకు అంటుకుపోయాడు.

"ఇప్పుడున్నది మరీ మెతక. దాంతో ఇంక నావల్ల కాదు. ఈరోజే తేల్చేద్దాం, పదకొండుకి. నాన్నకి ఇప్పుడే తెలీకూడదు. అంతా అయిపోయాక సెప్దాం. ముందే తెలిస్తే గుండాగిపోద్ది."

ఆగిపోవడానికి గుండె అప్పటికే సిద్ధంగా ఉంది. యుగంధర్ ఎవడు? ఇప్పుడున్న మెతక సంబంధం అంటే ఎజ్రాదే. బ్రిడ్జి అంటే రైలు పట్టాల మీది బ్రిడ్జి. అక్కడికి పికప్ బండి వస్తుంది. సామాను బండిలో పిల్లను తీసుకుపోతాడు. నెక్ అంటే మెడ. అంటే మెడలో పడాల్సింది కూడా తర్వాత చూసుకుంటారట!

కూతుర్ని నిలదీద్దామనుకున్నాడు. నిలదీస్తే వెనక గుమ్మంలోంచి ఇప్పుడే పోతుందేమోనని భయం. భార్య ఏసమ్మకు చెబుదామంటే ఆమెకు బీపీ. బండి దగ్గరే పట్టుకోవడం మేలనుకుని చెప్పులు వేసుకున్నాడు.

"మోటారు అలాగ వదిలేసి ఎక్కడికండీ?" అంది ఏసమ్మ.

"ఎల్తన్నాను. పిల్లని జాగర్తగా సూసుకో" అన్నాడు సత్యం. ఏసమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

పదిన్నరకల్లా బ్రిడ్జి మీద ఉన్నాడు. ఎండ మాడుస్తోంది. బండి పైనుంచి వస్తుందో, కింది దారిలో ఆగుతుందో తెలియదు. అందుకని ఒకసారి రోడ్డుకేసి చూసి, ఒకసారి పిట్టగోడ మీదుగా నడుం దాకా వంగి కిందికి చూస్తున్నాడు. కింద గూడ్సు బండి పోతుంటే గోడ వణికింది. వణుకుతున్నది గోడో తానో అతనికి అర్థం కాలేదు.

పదకొండుకు ఐదు నిమిషాలుండగా నిజంగానే ఒక పికప్ బండి వచ్చింది. సత్యం రెండు చేతులూ చాచి దాని ముందుకు ఉరికాడు. బండి కీచుమంటూ ఆగింది.

"ఓలమ్మో! సావడానికి నా బండే దొరికిందేటి?" డ్రైవరు పోతురాజు దిగాడు.

"ఎవర్ని ఎక్కించుకోడానికొచ్చావు? నిజం సెప్పు!"

"ఎవర్నేటి? వంకాయలు బాబూ."

సత్యం నమ్మలేదు. బండెక్కి బుట్టలు కదిపి చూశాడు. వంకాయలే. దిగి, కళ్లు తుడుచుకుంటూ మళ్లీ పిట్టగోడ దగ్గరికి పోయి కిందికి వంగాడు. బండి కింద పడబోయి, ఏడ్చి, ఇప్పుడు గోడకేసి పోతున్న మనిషిని చూస్తే పోతురాజుకు తోచింది ఒక్కటే. వెనక నుంచి వచ్చి నడుం వాటేసుకున్నాడు.

"వదల్రా! నా కూతురు..."

"కూతురున్నాది కదా మావా, ఎందుకీ పని?"

మోటారు కోసం స్కూటరు మీద వస్తున్న గిరిబాబు అప్పుడే అక్కడ ఆగాడు. ఆగి, చూసి, ఫోను తీశాడు. "అమ్మా ఏసమ్మగారూ, మీరు కంగారు పడకండి. మీ ఆయన బ్రిడ్జి మీంచి దూకేత్తన్నారు. అంటే ఇంకా దూకలేదు. బేగి రండి!"

పది నిమిషాల్లో యాభై మంది పోగయ్యారు. ఒకాయన మంచినీళ్లిచ్చాడు, ఒకావిడ కీర్తన ఎత్తుకుంది. పోతురాజు పట్టు మాత్రం సడలించలేదు. జనంలో ఏ ముఖం చూసినా సత్యానికి యుగంధరే అనిపించింది. ఇంత గొడవ చూసి బండి ఇంకో దారిన పోయుంటే? పిల్ల ఇప్పటికే రాయగడ దాటేసుంటే?

అప్పుడు ఒక బైకు వచ్చి ఆగింది. గడ్డం కుర్రాడు నడుపుతున్నాడు. వెనక, తల్లి ఫోను చేస్తే వచ్చిన షీబా, భుజాన గిటార్.

"వొచ్చేసారు! ఇద్దరూ కల్సే వొచ్చేసారు!" సత్యం గింజుకున్నాడు.

షీబా ఏడుస్తూ పరిగెత్తుకొచ్చి తండ్రిని పట్టుకుంది. "నాన్నా, ఏటయ్యింది నీకు? ఇలాగేటి పని?"

"నువ్వు పికప్‌లో ఎళ్లిపోతే నేనేం సెయ్యాల? మెడలో తాళైనా లేకుండా!"

అరగంట పట్టింది. కాలేజీలో పిల్లలకు లెక్కలు చెప్పే ఓపికంతా షీబాకు అక్కడ అవసరమైంది. పికప్ అంటే గిటార్ తీగల కింద ఉండే ముక్క. తీగ కదిలితే శబ్దాన్ని పట్టుకునేది అదే. గిటార్ మీద ఒక చివర తీగలు ఆనే చోటును బ్రిడ్జి అంటారు. దాని పక్కనుండేది బ్రిడ్జి పికప్, గిటార్ మెడ దగ్గరుండేది నెక్ పికప్. యుగంధర్ డ్రమ్ములు కొడతాడు, వాడికి పెళ్లయి పాప కూడా ఉంది. వీళ్లు వాయించే హెవీ మెటల్ అనే హోరు పాటలకు పాత పికప్ శబ్దం చాలడం లేదు. నాన్న కొనిచ్చిన గిటార్‌ను విప్పుతున్నానంటే బాధపడతాడని దాచింది.

"దూకడానికి రాలేదా మరి?" పోతురాజు నిరాశగా చేతులు వదిలాడు.

సత్యం రోడ్డు మీదే చతికిలబడ్డాడు. కాసేపు నవ్వాడు, కాసేపు ఏడ్చాడు. చివరికి ముక్కు చీది, "ఆ ముక్కలో ఏటుంటాది?" అన్నాడు.

"అయస్కాంతం అంకుల్. దాని సుట్టూ వెంట్రుక కన్నా సన్నం రాగి తీగ, అయిదారు వేల సుట్లు" అన్నాడు యుగంధర్. "సుట్లు ఎక్కువైతే సౌండు బలంగా వస్తాది."

సత్యం లేచి నిలబడ్డాడు. "అంటే వైండింగే కదా! ఇంట్లో నేనుండగా బయటోడి సేత సుట్టిస్తావేటి?"

ఇప్పుడు భయపడటం షీబా వంతయింది. నీళ్ల మోటార్లకు చుట్టే చేత్తో అంత సన్నని తీగా? గిటార్ మీద మిగిలేదేమిటి? కాదందామంటే, ఇంకా పిట్టగోడ పక్కనే నిలబడి ఉన్నాడు. సరేనంది.

దుకాణంలో మొదటి మూడుసార్లు తీగ తెగింది. నాలుగోసారి ఊపిరి బిగబట్టి, షీబా లెక్కపెడుతుంటే ఆరు వేల చుట్లు చుట్టాడు. అతికించి, యుగంధర్ తెచ్చిన పెద్ద స్పీకరుకు కలిపి, ఆమె ఒక్క దెబ్బ మీటింది. వంటింట్లో గిన్నెలు మోగాయి. వీధిలో కుక్కలు మాయమయ్యాయి. ఏసమ్మ యేసయ్యను పిలిచింది.

సత్యం చెవుల్లోంచి వేళ్లు నెమ్మదిగా తీశాడు.

"పాట బాగులేదు గాని, వైండింగ్ బాగా కుదిరింది" అన్నాడు.