బీరమ్మ గుండ్లతో కొన్న కంప్యూటర్

ఆ రోజుకు గోపయ్య వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తెల్లవారేసరికి హైదరాబాదు నుంచి కంప్యూటర్ ఇంటికి చేరాలి. పగలంతా అది ఎవరి కంటా పడకూడదు. సాయంత్రం బస్సుకు దుకాణంవాళ్ల ఇంజనీరు వచ్చి బిగించిపోతాడు. మర్నాటి నుంచి పెళ్లి పత్రికలు, కోర్టు దరఖాస్తులు, నిరుద్యోగుల బయోడేటాలు ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు. ఈ పథకంలో ఎక్కడా ఎవరూ చనిపోవాల్సిన అవసరం లేదు.

మహబూబ్‌నగర్‌లో కోర్టు వెనక గల్లీలో గోపయ్యకు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఒకప్పుడు పొద్దు పొడవకముందే పిల్లలు వచ్చి మిషన్ కోసం వాదులాడుకునేవారు. పంతొమ్మిది వందల తొంభై ఏడు వచ్చేసరికి ఆ మిషన్లను గోపయ్య తప్ప ఇంకెవరూ ముట్టుకోవడం లేదు, అదీ దుమ్ము తుడవడానికి. వచ్చినవాళ్లు గుమ్మంలోంచే "కంప్యూటర్ లేదా సార్?" అని అడిగి వెళ్లిపోతున్నారు. పెద్ద కంపెనీవి కొనే స్తోమత లేదు. విడి భాగాలు తెచ్చి బిగించి ఇచ్చే చవక రకం హైదరాబాదులో దొరుకుతుందని విన్నాడు గానీ, ఆ చవకకు కూడా చేతిలో ఉన్నది చాలలేదు.

చాలనిది ఇచ్చింది బీరమ్మ. గోపయ్యకు పెద్దమ్మ. తల్లి పోయాక అతణ్ణి పెంచింది ఆమే. ఆమెకు పిల్లల్లేరు. ఉన్న ఒక్క తమ్ముడు పోచయ్య ఆత్మకూరులో ఉంటాడు. పొలం గట్టు దగ్గర మాటా మాటా పెరిగి, అక్క గడప తొక్కడం మానేశాడు. అందుకే బీరమ్మకు బతుకు మీద లేని బెంగ చావు మీద ఉండేది. డప్పులు మోగాలి, గల్లీ అంతా రావాలి, తమ్ముడు ఏడవాలి, వచ్చినవాళ్లు తిని పోవాలి. మెడలోని బంగారు గుండ్లపేరును ఎన్ని కష్టాలొచ్చినా అమ్మకుండా ఆ ఖర్చుకే దాచుకుంది. గుండె జబ్బుతో హైదరాబాదు పెద్దాసుపత్రిలో పడుకుని, అదే తీసి గోపయ్య చేతిలో పెట్టింది.

"గివి నీ సావుకు దాసుకున్నయి గద పెద్దమ్మా" అన్నాడు గోపయ్య.

"సావు యాడికి పోదు బిడ్డా. ముందుగాల నువ్వు బతుకు. మిషిను సంపాయించినంక మల్ల చేపియ్యి."

ఆమె కళ్లు మూసేలోగా ఆ గుండ్ల విలువ తిరిగి సంపాదించాలి. లేకపోతే పెంచిన తల్లిని దిక్కులేనిదాన్ని సాగనంపినట్టు సాగనంపాల్సి వస్తుంది. గోపయ్యకు పట్టుకున్న భయం ఇదొక్కటే.

దుకాణం అతను కంప్యూటర్‌తో పాటు బోలెడు జాగ్రత్తలు కూడా అమ్మాడు. దుమ్ము పడకూడదు కాబట్టి గది ఖాళీ చేసి, కడిగి ఉంచాలి. చెప్పులు బయటే విడవాలి. బిగించేదాకా పొగ తగలకూడదు కాబట్టి ఆ రోజు పొయ్యి వెలిగించకపోవడం మంచిది. కరెంటు షాకు కొట్టకుండా పెరట్లో గుంత తీసి, ఉప్పూ బొగ్గులూ పోసి ఎర్తింగు వేయించాలి. దారిలో కుదుపులు తగలకుండా అతనే తెరనూ, పెట్టెనూ, ప్రింటరునూ ఒక పొడవాటి చెక్క మీద వరసగా పెట్టి, చుట్టూ బొంతలు కుక్కి, తెల్లగుడ్డతో బిగించి కట్టాడు. ఎవరికీ చెప్పకూడదన్న జాగ్రత్త మాత్రం గోపయ్య సొంతం. కొత్త వస్తువుకు దిష్టి తగులుతుందని అతని నమ్మకం. అతను హైదరాబాదు వెళ్లాడంటే పెద్దమ్మను చూడటానికే అని గల్లీ అంతా అనుకుంది.

తెల్లవారుతుండగా, కిరాయికి తోలే చోటే మియా జీపు గుమ్మం ముందు ఆగింది. ఎదురింటి గోవిందమ్మ వాకిలి ఊడుస్తూ చూసింది. జీపులోంచి తెల్లగుడ్డ చుట్టిన పొడుగాటి మూటను ఇద్దరు మగవాళ్లు మాట్లాడకుండా, మెల్లగా దించారు. ఇంట్లో సామాను నిన్ననే బయట పెట్టారు. కడిగిన నీళ్లు ఇంకా గడప దాటి పారుతున్నాయి. పొద్దెక్కినా పొయ్యి రాజలేదు. గోవిందమ్మకు తెలిసినంతలో పొయ్యి రాజేయనిది చావు ఇంట్లోనే. ఇరుగుపొరుగు వండి పెట్టడం ఆనవాయితీ కాబట్టి, ఆమె కళ్లు తుడుచుకుని గోపయ్య ఇంటికి కూడా బియ్యం ఎసట్లో పోసింది.

గోపయ్య ఎర్తింగు గుంతకని దొడ్డుప్పు కొనడానికి లచ్చయ్య కిరాణా దుకాణానికి వెళ్లాడు. గల్లీకి పెద్ద మనిషి లచ్చయ్య. గల్లీలో ఫోను ఉన్నది కూడా ఆయన దుకాణంలోనే. గోపయ్య వాళ్ల కులంలో చనిపోయినవారిని పూడ్చేటప్పుడు గుంతలో ఉప్పు పోస్తారు. బస్తాడు ఉప్పు అడుగుతున్న గోపయ్య భుజం మీద లచ్చయ్య చెయ్యి వేశాడు.

"గోవిందమ్మ చెప్పింది గోపయ్యా. అన్ని పనులు నువ్వొక్కనివే మీదేసుకున్నవా? మేం లేమా?"

రహస్యం బయటపడిందని గోపయ్య నీరుగారిపోయాడు. "జర ఎవ్వలకు చెప్పకు కాకా. పదిమందికి తెలిస్తె మంచిది గాదు" అని బతిమాలి, బస్తా ఎత్తుకుని వెళ్లిపోయాడు.

వచ్చినవాళ్లకు పెట్టే గతి లేక దాస్తున్నాడని లచ్చయ్యకు అర్థమైంది. మంచితనం ఒక్కసారి నిద్ర లేస్తే దాన్ని ఆపడం ఎవరితరమూ కాదు. ఆయన డప్పులవాళ్లకు కబురు పంపాడు. ఆత్మకూరుకు ఫోను చేసి, పోచయ్యకు చెప్పమన్నాడు. గుంత తవ్వడానికి ఐలేశాన్ని పంపాడు. ఈ ఐలేశమే గల్లీకి కరెంటు పనివాడు. ఎర్తింగు కోసం గోపయ్య మధ్యాహ్నం దాకా ఊరంతా వెతికింది ఇతన్నే. అతను శ్మశానంలో గోపయ్య పెద్దమ్మకు గుంత తవ్వుతున్నాడన్న ఆలోచన గోపయ్యకు సహజంగానే రాలేదు.

ఈలోగా గోవిందమ్మ అన్నం గిన్నెతో వచ్చి, గోపయ్య భార్య నిర్మలమ్మను పట్టుకుని భోరుమంది. "బంగారమసొంటి మనిషి, పాయె గద బిడ్డా" అంది. ఆసుపత్రిలో ఇచ్చింది లచ్చయ్య ఫోను నంబరే. కబురు అక్కడికి వచ్చిందనుకుని నిర్మలమ్మ కూడా శోకాలు అందుకుంది. ఇంటి కోడలే ఏడుస్తుంటే ఇక సందేహం ఎవరికి? ఆడవాళ్లందరూ వచ్చి చుట్టూ కూర్చున్నారు. గడప ముందు చెప్పులు కుప్పపడ్డాయి. ఐలేశం దొరక్క తిరిగొచ్చిన గోపయ్య ఆ ఏడుపులు విని, డప్పులు చూసి, పెద్దమ్మ పోయిందని వాకిట్లోనే కూలబడ్డాడు. పోయిందని ఎవరు చెప్పారో ఎవరూ ఎవరినీ అడగలేదు. ఏడుస్తున్న మనిషిని అలాంటివి అడగడం మర్యాద కాదు.

కాసేపటికి తేరుకుని, శవాన్ని తీసుకురావాలి కదా అని చోటే మియాను వెతుక్కుంటూ పరుగెత్తాడు. అతను అటు వెళ్లగానే ఆత్మకూరు నుంచి పోచయ్య దిగాడు. ఇన్నేళ్లూ అక్క గడప తొక్కనివాడు ఆ గడప మీద తల బాదుకున్నాడు. గట్టు జానెడు జరిపింది తానేనని అందరి ముందూ ఒప్పుకున్నాడు. అది విని రాయిలాంటివాళ్లు కూడా ఏడ్చారు. పొద్దున తెచ్చిన శవం ఈ ఎండకు ఆగదని, స్నానం కానిమ్మని పెద్దలు తొందర చేశారు. నిర్మలమ్మ ముఖానికి కొంగు కప్పుకుని ఏడుస్తుండటం వల్ల, బిందెలు ఏ గదిలోకి వెళుతున్నాయో చూడలేదు.

పుట్టింటివాడు కాబట్టి మొదటి బిందె పోచయ్య పోశాడు. తర్వాత ఆడవాళ్లు పసుపు నీళ్లు ధారగా పోశారు. దవాఖానలో పడి మనిషి ఎట్లా ఎముకల గూడైపోయిందోనని చెప్పుకుని కుమిలిపోయారు. కాళ్ల దగ్గర చెయ్యి పెట్టిన పోచయ్యకు గుడ్డ కింద వైర్లు తగిలాయి. పెద్దాసుపత్రివాళ్లు పైపులు తీయకుండానే పంపుతారని ఎవరో సర్దిచెప్పారు.

అదే సమయానికి బయట జీపు వచ్చి ఆగింది. గోపయ్య మళ్లీ ఎక్కడికి బయల్దేరాడని లచ్చయ్య అడిగాడు.

"హైదరాబాదుకు. పెద్దమ్మను తేవద్దా కాకా?"

లచ్చయ్య గదివైపు వేలు చూపించాడు. "మల్ల లోపట ఉన్నదెవలు?"

ఆఖరిచూపు కోసం పోచయ్య అప్పుడే తలవైపు గుడ్డ తొలగించాడు. నల్లటి అద్దంలోంచి, ఏడ్చి వాచిన తన ముఖమే తనను చూసింది. అతను పెట్టిన కేకకు డప్పులు ఆగిపోయాయి.

గోపయ్య గదిలోకి వెళ్లి ప్రింటరును ఎత్తాడు. అందులోంచి పసుపు నీళ్లు కారాయి. పొద్దుటి నుంచి అందరూ తన తరఫున ఏడుస్తుంటే, అతను గొంతెత్తి ఏడ్చింది అప్పుడే. దగ్గరికి తీసుకుని ఓదార్చినవాళ్లు ఒక్కరూ లేరు. బతికున్న మనిషి కోసం ఏడిపించాడని అందరూ తిట్టిపోశారు. అబద్ధపు చావుకు గట్టు సంగతి బయటపెట్టించాడని పోచయ్య శాపనార్థాలు పెట్టి, నీళ్లు కూడా ముట్టకుండా బస్సెక్కాడు. తవ్విన గుంత ఖాళీగా ఉంటే గల్లీకి అరిష్టమని పెద్దలు పట్టుబట్టి, నిర్మలమ్మ పెంచుకుంటున్న కోడిని పట్టుకుపోయి అందులో పూడ్చారు. సాయంత్రం బస్సుకు ఇంజనీరు వచ్చాడు. చెప్పులు విడిచి లోపలికి వెళ్లి, చూసి, బయటికొచ్చి మళ్లీ చెప్పులు తొడుక్కున్నాడు.

మర్నాడు కంప్యూటర్‌ను అదే తెల్లగుడ్డలో చుట్టి, చోటే మియా జీపులోనే గోపయ్య రిపేరుకు తీసుకెళ్లాడు. ఆరబెట్టి చూస్తామని, ఆశ మాత్రం పెట్టుకోవద్దని దుకాణం అతను చెప్పాడు. గోపయ్య అటు నుంచి ఆసుపత్రికి వెళ్లి, తల వంచుకుని జరిగిందంతా పెద్దమ్మకు చెప్పాడు. గుండ్లు నీళ్లపాలయ్యాయన్న మాట ఆమె వినిపించుకోనే లేదు.

"పోచిగాడు ఏడ్సిండా?"

"గడపకు తల బాదుకున్నడు పెద్దమ్మా. గట్టు తనే జరిపిన్నని ఒప్పుకున్నడు."

"గల్లీల అందరొచ్చిన్రా?"

"అందరొచ్చిన్రు. నిలవడ జాగ లేకుండె."

బీరమ్మ ముఖం వెలిగింది. మళ్లీ మొదటి నుంచి చెప్పమంది. గోపయ్య చెప్పాడు. ఆ వారంలో ఎన్నిసార్లు వెళ్లినా అదే చెప్పించుకుంది. చివరికి ఒక తెల్లవారుజామున, గోపయ్య పక్కనే ఉండగా, నిజంగానే పోయింది.

గోపయ్య దగ్గర డప్పులకు డబ్బుల్లేవు. ఆసుపత్రి దగ్గర నుంచే ఆత్మకూరుకు ఫోను చేస్తే, మళ్లీ మోసపోవడానికి తాను సిద్ధంగా లేనని పోచయ్య పెట్టేశాడు. లోకంలో తనకున్న ఒక్క తల్లిని తెల్లగుడ్డలో చుట్టి, గోపయ్య జీపులో ఇంటికి తెచ్చాడు. చోటే మియా ఒక వైపు, తానొక వైపు పట్టుకుని మెల్లగా దించారు. గల్లీలో జనం గుమ్మాల్లో నిలబడి చూశారు. ఎవరూ గడప దిగలేదు. కొందరు మూతులు తిప్పుకున్నారు, కొందరు నవ్వు ఆపుకున్నారు.

గోవిందమ్మకు మాత్రం మనసు ఆగలేదు. చేతిలో చేట పక్కన పెట్టి, జాలిగా పలకరించింది.

"బాగైందా గోపయ్యా? గీసారన్న నీళ్లు తగులకుండ చూసుకో బిడ్డా."

చూసుకుంటానన్నాడు గోపయ్య.